గుండులేని తూటా

2019 ఆగస్టు 21వ తేదీన బీహారు రాష్ట్రం సుపౌల్ జిల్లాలోని బలువా బజార్ అనే గ్రామంలో మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రాగారి అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరిగాయి. ముఖ్యమంత్రి నితీశ్ కుమార్ స్వయంగా వచ్చి నిలబడ్డారు. పోలీసు జవాన్లు వరుస తీరారు. ఉత్తరువు వినిపించింది. 22 తుపాకులు ఆకాశం వైపు లేచాయి. ఇరవై రెండు వేళ్లు మీటలు నొక్కాయి.

ఒక్కటీ పేలలేదు.

ఆ దృశ్యాన్ని మరునాటికల్లా దేశమంతా చూచింది. నవ్వేవాళ్లు నవ్వారు. పత్రికలు యెత్తిపొడిచాయి. విచారణ అన్నారు. కాని ఆ ఇంటివాళ్ల స్థితిలో మనం వుంటే నవ్వగలమా? పోయిన మనిషికి లోకం చేసే చివరి మర్యాద అది. ఆ క్షణాన వరుసగా టిక్కు టిక్కుమనే చప్పుడు తప్ప మరేమీ వినిపించకపోతే గుండెలో యెలా వుంటుందో తలచుకోండి.

“ఉత్తుత్తి తూటాయే గదా, అదైనా పేల్చలేకపోయారా?” అని చాలామంది అన్నారు. అక్కడే వుంది తిరకాసు. ఉత్తుత్తి తూటాను నమ్మకంగా పేల్చడం అసలు తూటాను పేల్చడం కంటె కష్టం. ఈ మాట వినగానే పాఠకులు ముక్కుమీద వేలేసుకుంటారని తెలుసు. కొంచెం ఓపిక పట్టండి.

ముందు తూటా అంటే యేమిటో చూద్దాం. మనం గుండు, తూటా అనే మాటల్ని కలగాపులగంగా వాడేస్తూ వుంటాం. తూటా అంటే మొత్తం కట్ట. ఒక ఇత్తడి గొట్టం, దాని అడుగున చిన్న టోపీ, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. మీట నొక్కితే సూదిలాంటి పిన్ను వచ్చి ఆ టోపీని పొడుస్తుంది. టోపీలో వున్న మసాలా భగ్గుమని మందును అంటిస్తుంది. మందు వాయువుగా మారి గుండును ముందుకు తోస్తుంది. గుండు పోతుంది, ఇత్తడి గొట్టం మనకు మిగులుతుంది.

ఉత్తుత్తి తూటాలో, దాన్నే పోలీసులు బ్లాంకు అంటారు, ఈ గుండు వుండదు. మరి మందు ఒలికిపోకుండా యెలా? గొట్టం మూతినే మడతలు మడతలుగా లోపలికి నొక్కేస్తారు. కిరాణాకొట్లో శెనగపప్పు పొట్లం మూతి మడిచినట్టు అనుకోండి, లేదా విచ్చని తామరమొగ్గ అనుకోండి. ఆ మడతల సందుల్లో తేమ దూరకుండా కొంచెం లక్కరంగు పూస్తారు. అమెరికా సైన్యంవారి చిన్నరకం బ్లాంకుకు ఊదారంగు పూత వుంటుంది. మరికొన్ని దేశాలవారు గుండుకు బదులు కొయ్యముక్కను పెట్టి, తుపాకి మూతి దగ్గర అది తునాతునకలయ్యే యేర్పాటు చేశారు. స్వీడనువాళ్లు చాలాకాలం ఆ పని చేశారు.

పేల్చగానే మొగ్గ విచ్చుకుంటుంది. మంట, పొగ, చప్పుడు. అంతే. గుండు లేదు గనుక మనిషి చావడు అని మనం అనుకుంటాం. ఆ సంగతికి తరువాత వస్తాను. అది అంత తేలికగా దాటిపోవలసిన మాట కాదు.

ఇప్పుడు తుపాకి సంగతి. తెల్లవాళ్ల కాలంనుంచి మన పోలీసుల భుజాలమీద వుంటూ వచ్చిన తుపాకి త్రీ నాట్ త్రీ. 1895లో పుట్టిన వంశం దానిది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి 2020 జనవరి 26న, రిపబ్లిక్ దినోత్సవపు కవాతులో, లాంఛనంగా వీడ్కోలు చెప్పారు. ఆ తుపాకిలో అంతా చేతిపని. ప్రతి గుండుకూ బోల్టును చేత్తో వెనక్కు లాగాలి, ముందుకు తొయ్యాలి. గుండు వున్నా లేకపోయినా దానికి ఒకటే. పాతకాలపు తిరగలి లాంటిది. తిప్పితే తిరుగుతుంది, మానితే ఆగుతుంది.

తరువాత వచ్చిన ఎస్సెల్లార్, ఇన్సాస్ లాంటివి వేరే జాతి. ఇవి తమంతట తామే తూటా నింపుకుంటాయి. యెలాగంటే, గొట్టంలో ఒకచోట చిన్న రంధ్రం వుంటుంది. గుండు ఆ రంధ్రం దాటి పోతుండగా వెనకనుంచి తరుముకొస్తున్న వాయువులో కొంత ఆ రంధ్రంగుండా పైకి దూరి ఒక ముషలకాన్ని వెనక్కు తోస్తుంది. హోళీనాటి పిచికారీ తెలుసు గదా, దాన్ని తిరగేసి వూహించుకోండి. ఆ తోపుకు బోల్టు వెనక్కు పోతుంది, కాలిన గొట్టాన్ని లాగి అవతల పారేస్తుంది. స్ప్రింగు మళ్లీ బోల్టును ముందుకు నెడుతుంది. అది దారిలో కొత్త తూటాను తీసుకొని అరలో పెడుతుంది. కన్ను మూసి తెరిచే లోపల ఇదంతా జరిగిపోతుంది.

ఇదంతా జరగాలంటే వాయువు కొంచెంసేపైనా గొట్టంలో బందీగా వుండాలి. దాన్ని బందీగా వుంచేది యెవరు? ముందు అడ్డంగా పోతున్న గుండు. బ్లాంకులో ఆ గుండు లేదు. తలుపు బార్లా తెరిచిన ఇంట్లోంచి పిల్లలు వీధిలోకి పరుగెత్తినట్టు వాయువంతా మూతిగుండా బయటికి పోతుంది. రంధ్రంలోకి దూరవలసిన వాయువుకు బలం చాలదు. బోల్టు సగం దూరం వెనక్కు వచ్చి ఆగిపోతుంది. కాలిన గొట్టం బయటపడీ పడక బోల్టు నోట్లో చిక్కుకుంటుంది. ఒక్కొక్కప్పుడు నిటారుగా, వంటింటి కప్పుమీది పొగగొట్టంలా నిలబడిపోతుంది. ఇదే తుపాకి “ఇరుక్కోవడం.”

దీనికి విరుగుడుగా మూతికి ఒక బిరడా బిగిస్తారు. మధ్యలో సన్నని రంధ్రం వుంటుంది. ప్రెషర్ కుక్కరు మీద బరువు పెట్టకపోతే ఆవిరంతా వూరికే పోతుంది, పప్పు వుడకదు. బరువు పెడితే లోపల వత్తిడి నిలుస్తుంది. ఈ బిరడా చేసే పనీ అదే. అది లేకుండా బ్లాంకు పేలిస్తే పేలుతుంది గాని రెండో తూటా అరలోకి రాదు. జవాను చేత్తో లాగవలసిందే. కవాతుల్లో ముందు వరుస ఈ చివరనుంచి ఆ చివరకు, వెనక వరుస ఆ చివరనుంచి ఈ చివరకు, మాలపటాకా అంటించినట్టు పటపటమని పేల్చుకుంటూ పోవడం మీరు చూచే వుంటారు. దానికి ‘ఫ్యూ డి జోయ్’ అని ఫ్రెంచి పేరు. సంతోషపు మంట అని అర్థం. అందులో ప్రతి విడతకూ మధ్య జవాన్లందరూ ఒక్కసారిగా తుపాకిమీద చెయ్యి వేసి లాగుతారు. అది అలంకారం కాదు, అవసరం.

బిరడా వున్నచోట ఇంకొక భయం వుంది. బిరడా బిగించిన తుపాకిలో పొరపాటున అసలు తూటా పడితే? గుండు వెళ్లి ఆ బిరడాను ఢీకొంటుంది. బిరడా ఎగిరిపోవచ్చు, గొట్టమే చీలిపోవచ్చు. అందుకే దానికి దూరానికి కనిపించేలా యెర్రరంగో పసుపురంగో వేస్తారు. అసలు తూటాలనూ ఉత్తుత్తి తూటాలనూ ఒకే గదిలో విప్పరు. అసలు తూటా పట్టకుండా పొట్టిగా చేసిన పెట్టెలు కూడా కొన్ని సైన్యాల్లో వున్నాయి. ఉప్పుడబ్బా, సోడా డబ్బా పక్కపక్కన పెట్టకూడదని మన ఇళ్లలో పెద్దవాళ్లు యెందుకు చెబుతారు? ఇక్కడ తప్పు జరిగితే కూర పాడవడంతో పోదు.

ఇంకో చిక్కు. గుండు లేకపోవడంచేత బ్లాంకు పొట్టిది. ముక్కు లేనిది. తుపాకి మాత్రం కోసుగా వున్న ముక్కు దారి చూపుతూ రావాలని కనిపెట్టిన యంత్రం. మొద్దుమూతి తూటా అరలోకి యెక్కబోయి అంచుకు తగులుకుంటుంది, మడతలు నలుగుతాయి, అక్కడే ఇరుక్కుంటుంది. కొన్ని దేశాలవారు ఇత్తడి గొట్టాన్నే ముందుకు సాగదీసి ముక్కులాగా చేసింది ఇందుకే. అదీగాక బ్లాంకుల మందు వేరు. తొందరగా కాలే రకం. అది మసి యెక్కువ విడుస్తుంది. నాలుగు తూటాలు పేలిస్తే చాలు, వాయువు పోయే రంధ్రం చుట్టూ వంటింటి మసిలాగా పేరుకుంటుంది. సాయంకాలం శుభ్రం చెయ్యకపోతే మరునాడు అది గట్టిపడి కూర్చుంటుంది.

సరే, తుపాకి మొరాయించింది. రోగం యేమిటని తెలుసుకోవడం యెలా? ఆయుధాగారంలో మరమ్మతు చేసే ఆర్మరరు ముందు చెవి వొగ్గుతాడు. వైద్యుడికి నాడి యెలాగో అతనికి చప్పుడు అలాగు.

మీట నొక్కితే అసలు చప్పుడే లేదనుకోండి. బోల్టు పూర్తిగా మూసుకోలేదన్నమాట. మసి వుండవచ్చు, మడత నలిగిన తూటా అడ్డం వుండవచ్చు. ‘టిక్కు’మని ఆగిపోయిందా, పిన్ను కదిలింది గాని మందు అంటుకోలేదు. ‘ధన్’మని పేలి, ఆ తరువాత మీట చచ్చిపోయిందా, పైన చెప్పిన గాలి కొరత. ఇవి మూడూ మామూలు జబ్బులు. నాలుగోది ‘తుస్స్’ అనే బలహీనమైన చప్పుడు. అన్నిటిలోకి చిన్న చప్పుడు అది. అన్నిటిలోకి పెద్ద ప్రమాదం కూడా అదే.

‘టిక్కు’ అన్న తూటా సంగతి చూద్దాం. దీపావళినాడు వత్తి కాలిపోయినా పేలని లక్ష్మీబాంబు దగ్గరికి పిల్లవాడు వంగబోతుంటే తల్లి యెలా కేక వేస్తుంది? “ఒరే, ఆగరా!” ఇక్కడా అంతే. టోపీలోని నిప్పు మందుకు అందడం ఆలస్యం కావచ్చు. గొట్టాన్ని ఆకాశం వైపో ఖాళీ నేల వైపో అలాగే వుంచి, మీటమీద వేలు తీసి, కనీసం అర నిమిషం కదలకుండా నిలబడాలి. ఆ తరువాత తూటాల పెట్టె వూడదీయాలి. ఈ వరుస ముఖ్యం. పెట్టె వుండగానే బోల్టు లాగితే పాతది పోయి కొత్తది లోపలికి వస్తుంది. “ఖాళీ చేశాను” అనుకున్న తుపాకి నిండే వుంటుంది. పెట్టె తీసిన తరువాత బోల్టు వెనక్కు లాగి అక్కడే నిలిపి, అరలోకి కంటితో చూడాలి, చీకటిగా వుంటే వేలు పెట్టి చూడాలి. చివరకు గొట్టంలోకి వెనకనుంచి చూచి అవతలి వెలుతురు కనబడుతున్నదో లేదో తేల్చుకోవాలి. మన దళాల్లో “ఖాలీ కర్” అనే ఉత్తరువు రెండు మాటలే గాని, దానివెనుక ఇంత తతంగం వుంది.

బయటపడిన తూటా కథంతా చెబుతుంది. దాని అడుగున వున్న టోపీని చూడండి. పిన్ను లోతుగా పొడిచిన గుంట వున్నా మందు అంటుకోలేదంటే తప్పు తూటాది. చెమ్మ యెక్కి వుంటుంది, కాలం చెల్లి వుంటుంది. గుంట పైపైన గీరినట్టు వుంటే తప్పు తుపాకిది. స్ప్రింగు నీరసపడింది, లేక ఆయుధాగారంలో పూసిన గ్రీజు ముద్దకట్టి పిన్నుకు అడ్డుపడుతున్నది. గుంటే లేకపోతే పిన్ను విరిగిందేమో చూడాలి. ఇంత చిన్న గుర్తుతో ఇంత పెద్ద తగాదా తీరిపోవడం నాకు ముచ్చటగా తోస్తుంది.

ఒక తుపాకి పేలకపోతే ఆ తుపాకిని విప్పాలి. వరుసలో వున్నవన్నీ పేలకపోతే? ఒక ఇంట్లో దీపం ఆరితే ఫ్యూజు చూస్తాం. వీధి వీధంతా ఆరిపోతే ట్రాన్స్‌ఫార్మరు వైపు చూస్తాం. ఇరవై రెండు తుపాకులకు ఒకేసారి జబ్బు చెయ్యదు. అనుమానం మొదట తూటాలు వచ్చిన పెట్టె మీదికి పోవాలి. ఏడాదికి నాలుగైదుసార్లు తప్ప అవసరం పడని సరుకు అది. అసలు తూటాలను లెక్క చూచినంత శ్రద్ధగా బ్లాంకులను యెవరు చూస్తారు? వానాకాలం చెమ్మలో మూలన పడివుంటే లక్కపూత పెచ్చులూడుతుంది, మడతల్లోంచి తేమ దూరుతుంది. లాంఛనానికి ముందురోజే ఆ పెట్టెలోంచి నాలుగు తూటాలు తీసి పేల్చి చూచే అలవాటు వుంటే చాలా అవమానాలు తప్పుతాయి.

ఇప్పుడు ‘తుస్స్’ సంగతి. దీనికి ఒక నిండు ప్రాణం పోయింది.

బ్రూస్ లీ పేరు తెలియని ఇల్లు వుండదు. ఆయన కొడుకు బ్రాండన్ లీ. 1993 మార్చి 31న, 28 యేళ్ల వయసులో, అమెరికాలోని విల్మింగ్టన్‌లో ‘ది క్రో’ అనే చిత్రం షూటింగులో చనిపోయాడు. అంతకు ముందు ఒక దృశ్యంలో పిస్తోలును దగ్గరగా చూపించవలసివచ్చింది. తూటాలు నిజమైనవిగా కనిపించాలని, అసలు తూటాల్లోంచి మందు తీసేసి గుండును మళ్లీ బిగించి వాడారు. మందు తీశారు గాని అడుగున వున్న టోపీ తీయడం మరిచారు. యెప్పుడో యెవరో మీట నొక్కారు. టోపీలోని పిసరంత నిప్పుకు గుండు కదిలి గొట్టంలోకి వెళ్లి అక్కడే ఆగిపోయింది. గొట్టంలోకి తొంగి చూచినవాళ్లు లేరు. తరువాత అదే పిస్తోలులో బ్లాంకు పెట్టారు. బ్లాంకులో గుండు లేదు, నిజమే; కాని గొట్టంలో ఒకటి వుంది. నిండుగా మందు వున్న బ్లాంకు దాన్ని అసలు తూటాలాగానే విసిరింది. యెదుటినుంచి వస్తున్న బ్రాండన్ కడుపులో తగిలింది. గంటలతరబడి శస్త్రచికిత్స చేసినా దక్కలేదు. గొట్టంలో వెలుతురు కనబడుతున్నదా అని ఒక్క క్షణం చూచివుంటే ఆ యువకుడు బతికేవాడు.

గొట్టం ఖాళీగా వున్నా సరే, బ్లాంకు చంపగలదు. 1984 అక్టోబరు 12న జాన్ ఎరిక్ హెక్సమ్ అనే 26 యేళ్ల టెలివిజన్ నటుడు షూటింగు మధ్య విరామంలో విసుగుపుట్టి, బ్లాంకు వున్న పిస్తోలును సరదాకు కణతకు ఆనించుకొని మీట నొక్కాడు. లోపల మందును ఆపే కాగితపు బిరడా, వాయువు కలిసి కణత యెముకను పగులగొట్టి లోపలికి నెట్టాయి. ఆరు రోజులకు కన్ను మూశాడు. మూతికి దగ్గరగా వున్నప్పుడు వాయువే గుండు. అందుకే బ్లాంకులతో అభ్యాసం చేసేటప్పుడు కూడా మనిషికీ మనిషికీ మధ్య ఇంత దూరం వుండాలని సైన్యాలు నియమం పెట్టుకున్నాయి. ఆటల పోటీల్లో పరుగు మొదలుపెట్టే పిస్తోలును చెవి దగ్గర పేల్చకూడదనేది కూడా ఇందుకే. ఇంట్లో పిల్లలు వుంటే ఈ రెండు కథలూ చెప్పండి. భయపెట్టడానికి కాదు, బొమ్మతుపాకికీ బ్లాంకుతుపాకికీ తేడా తెలియడానికి.

గాలిలోకి పేల్చే తుపాకులను చూచినప్పుడు పిల్లలు ఇంకో ప్రశ్న వేస్తారు: “నాన్నా, ఆ గుండు కిందపడితే?” మంచి ప్రశ్న. లాంఛనాల్లో గుండు లేదు గనుక పడేదేమీ లేదు. పెళ్లి వూరేగింపుల్లో డాబుకోసం అసలు తూటాలు పేలుస్తారే, ఉత్తరాదిన యెక్కువ, అక్కడ పైకి పోయినది తప్పక కిందికి వస్తుంది, యెవరి నెత్తిమీదో వస్తుంది. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, ఇలాంటి వేడుక కాల్పులకు రెండేళ్ల వరకు ఖైదు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని శిక్ష పెట్టారు.

2020 సెప్టెంబరు 26న మద్రాసు దగ్గర తామరైపాక్కంలో గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారికి తమిళనాడు పోలీసులు తుపాకి వందనం చేసినప్పుడు మన ఇళ్లలో టెలివిజన్ల ముందు యెంతమంది కూర్చుని కళ్లు వొత్తుకున్నారో. ఆ చప్పుడు ఆగాక వచ్చే నిశ్శబ్దమే అసలు మర్యాద అనిపిస్తుంది నాకు. జవాన్లు తుపాకిని తలకిందులు చేసి మూతి నేలకు ఆనించి తలలు వంచుతారు. ‘శోక్ శస్త్ర్’ అంటారు దాన్ని.

ఈ మూడు వరుసల కాల్పుల ఆచారం యూరపులో పుట్టిందంటారు. యుద్ధం ఆపి రెండు పక్షాలూ తమ తమ మృతులను తీసుకువెళ్లి, “మా పని అయింది, ఇక మొదలుపెట్టవచ్చు” అని తెలపడానికి మూడుసార్లు గాలిలోకి పేల్చేవారట. ఇది ఫిరంగులతో చేసే 21 గుళ్ల వందనం కాదు. అది వేరు, ఢిల్లీలో రిపబ్లిక్ దినోత్సవానికి దశాబ్దాలపాటు తెల్లవాళ్లనాటి 25 పౌండ్ల ఫిరంగులే ఆ పని చేశాయి. 2023నుంచి మన దేశంలో తయారైన 105 మిల్లీమీటర్ల ఫిరంగులు ఆ చోటికి వచ్చాయి.

వరుసలో నిలబడ్డ జవాను తుపాకి ఆ క్షణంలో మొరాయిస్తే యేం చెయ్యాలి? అనేక దళాల్లో నేర్పేది ఇది: యేమీ చెయ్యకూడదు. పక్కవాడితోపాటు లాగాలి, పక్కవాడితోపాటు నొక్కాలి, పక్కవాడితోపాటు దించాలి. ముఖంలో మార్పు రాకూడదు. ఏడుగురిలో ఆరు తుపాకులు పేలినా దూరాన నిలబడ్డవాళ్లకు ఒకే ధ్వనిగా వినిపిస్తుంది. అక్కడికక్కడే తుపాకిని కుదిపి, తట్టి, మూతిలోకి చూడబోయినవాడు మర్యాదనూ చెడగొడతాడు, ప్రాణంమీదికీ తెచ్చుకుంటాడు. మూతి ఆకాశం వైపే వుంచి, జనం తొలగిపోయేదాకా ఆగి, అప్పుడు హవల్దారు యెదుట పెట్టె తీసి, బోల్టు లాగి, పైన చెప్పిన వరుసలో చూసుకోవాలి.

జనం వెళ్లిపోయిన తరువాత ఒక పని మిగులుతుంది. ఎన్ని తూటాలు ఇచ్చారో అన్ని ఖాళీ ఇత్తడి గొట్టాలు లెక్కకు రావాలి. పేలని తూటా విడిగా, చీటీ కట్టి, ఆయుధాగారానికి చేరాలి. పూలదండల మధ్య, గడ్డిలో, చెప్పులు తొక్కిన మట్టిలో జవాన్లు వంగి వెతుకుతూ వుంటారు. “ఇరవై ఒకటే వచ్చాయండీ.” “ఆ కంచె పక్కన చూడవయ్యా, అటే ఎగిరింది.” చీకటి పడుతున్నా ఆ ఒక్కటీ దొరికేదాకా వ్యాను కదలదు.